వాహన విద్రోహము: దూరనియంత్రిత రక్షణ పరీక్షలు

వాహన విద్రోహమనగా, వాహనమునకు గాని అది పోవు బాటకు గాని, అందు కూర్చుండువానికి తెలియకుండ హాని కల్పించి యుంచుట. బ్రేకు గొట్టము కోయుట, చక్రముల నట్లు వదులుచేయుట, చాసీ క్రింద ప్రేలుడు పదార్థము నమర్చుట, కల్వర్టు క్రింద మందుపాతర పాతుట మొదలైనవి దీని రూపములు. రూపములెన్ని యున్నను లక్షణమొక్కటే: కీడు చేసినవాడు దూరమున నుండును, దానిని తాకినవాడు దగ్గర నుండును. తాళపుచెవి త్రిప్పిన చేయియే, బ్రేకుపై మోపిన పాదమే మొదట ఆపదకు లోనగును. ఈ స్థితిని తలక్రిందులు చేసి, డ్రైవరును దూరమున నిలిపి వాహనమును ముందుగా పరీక్షకు గురిచేయుటకు జరిగిన ప్రయత్నముల చరిత్ర ఈ వ్యాసమునకు విషయము. దక్షిణ తెలంగాణపు మెట్టసీమలో, కల్వకుర్తి నుండి కృష్ణాతీరమునకును నల్లమలకును పోవు బాటలపై, ఈ చరిత్రలోని మిక్కిలి బాధాకరమైన ఘట్టములలో ఒకటి నడచినందున ఆ ప్రాంతమును గూర్చి కొంత విపులముగా చెప్పవలసి యున్నది.

యంత్రశకటములు రాకపూర్వమే సారథికి ఈ జాగ్రత్త తెలియును. బండి కట్టుటకు ముందు ఇరుసు చివరనున్న కడశీలను చేతితో కదలించి చూచుట మన పల్లెలలో ప్రతి బండివాడును తండ్రివద్ద నేర్చిన పని. శీల ఊడిన దశరథుని రథమునకు తన వ్రేలినే శీలగా నిలిపిన కైకకథ నేటికిని జనుల నోట నున్నది. భారతమున కురుక్షేత్రయుద్ధము ముగిసిన పిదప శ్రీకృష్ణుడు మొదట అర్జునుని రథమునుండి దింపి, తాను తరువాత దిగెను. దిగినంతనే, ద్రోణకర్ణుల యస్త్రములచే అదివరకే దగ్ధమై, ఆయన సాన్నిధ్యముచేత మాత్రమే నిలిచియుండిన రథము భగ్గుమని మండి భస్మమయ్యెను. రథికుడు ముందు, సారథి తరువాత అను ధర్మమును చెప్పిన ఘట్టమది. సారథి భగవంతుడైనచో దోషము లేదు. మనుష్యమాత్రుడైనచో ఆ క్రమమునకు వెల యాతని ప్రాణమే. వాహనరక్షణను గూర్చి వ్రాసినవారిలో ననేకులు లోపల కూర్చున్న ప్రముఖుని గూర్చియే తలచిరి గాని, ముందుసీటులోని మనిషిని గూర్చి తలచినవారు తక్కువ.

తీగ లేకుండ దూరమునుండి యంత్రమును నడపవచ్చునని 1898లో నికోలా టెస్లా న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెనులో, రేడియో తరంగములతో ఒక చిన్న పడవను త్రిప్పి ప్రేక్షకులకు చూపెను. 1925లో అదే నగరపు వీధులలో ఫ్రాన్సిస్ హౌడినా డ్రైవరు లేని కారును, వెనుక వచ్చు వేరొక కారునుండి పంపిన సంకేతములతో నడపించెను. ఇవి వినోదములుగానే నిలిచిపోయినవి. ఈ విద్యను ప్రాణరక్షణకు వినియోగింపవలెనను తలంపు బలపడుటకు ఉత్తర ఐర్లాండులోని రక్తపాతము కారణమయ్యెను. అచట కార్లలో బాంబులు పెట్టుట నిత్యకృత్యమై, వానిని విప్పబోయిన సైనికులు వరుసగా మరణించుచుండగా, 1972లో బ్రిటిషు సైన్యమునకు చెందిన లెఫ్టినెంట్ కర్నల్ పీటర్ మిల్లర్, తోటపనికి వాడు విద్యుచ్చక్రముల బండిని ఆధారముగా గొని, దూరమునుండి నడపదగిన యంత్రము నొకదానిని రూపొందించెను. దానికి 'వీల్‌బారో' యను పేరే నిలిచినది. అనుమానాస్పదమైన కారునకు కొక్కెము తగిలించి దూరముగా లాగివేయుటయే మొదట దాని పని. తరువాత దానికి కెమెరాయు, బాంబును నీటిధారతో ఛేదించు గొట్టమును చేరినవి.

1979 మార్చి 30వ తేదీన లండనులో జరిగిన హత్య ఈ శాస్త్రమునకు మరియొక పాఠము నేర్పెను. పార్లమెంటు సభ్యుడగు ఎయిరీ నీవ్ తన కారును భూగర్భపు పార్కింగు నుండి వాలుబాటపైకి ఎక్కించుచుండగా, క్రింద నమర్చిన బాంబు ప్రేలినది. అందలి మీట పాదరసముతో చేసినది: కారు సమతలమున నిలిచియున్నంతవరకు నిద్రించి, వాలిన క్షణమున మేల్కొనునది. ఇంజను స్టార్టు అయినంత మాత్రమున వాహనము క్షేమమని తలచరాదనియు, అది కదలి, వంగి, ఆగినప్పుడు కూడ పరీక్షింపవలెననియు దీనివలన తేలినది. పొడవైన కఱ్ఱకు చక్రములు గల అద్దమును బిగించి వాహనము క్రింద త్రిప్పి చూచు పద్ధతి పెక్కు దేశములలో వ్యాపించినది. మన హోటళ్ల ద్వారములయొద్దను, కార్యాలయముల గేట్లయొద్దను కాపలావాడు నేటికిని అట్టి అద్దమును కారు చుట్టును త్రిప్పుట చూడవచ్చును. అద్దము చూపునది దుమ్ముపట్టిన ఇనుమును, సైలెన్సరును. దానిలో క్రొత్తగా చేరిన వస్తువేదో గుర్తించుటకు పాతవస్తువు లేవో ముందు తెలిసియుండవలెను.

కల్వకుర్తి హైదరాబాదునకు దక్షిణముగా సుమారు 80 కిలోమీటర్ల దూరమున శ్రీశైలపు బాటపై నున్న పట్టణము. 2016 అక్టోబరు 11 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో నుండి, నాటినుండి నాగర్‌కర్నూలు జిల్లాలో చేరినది. ఇచటనుండి ఒక బాట డిండి మీదుగా మన్ననూరు చేరి, నల్లమలను చీల్చుకొని దోమలపెంట, ఈగలపెంటలు దాటి శ్రీశైలము ఆనకట్టకు దిగును. మరియొకటి నాగర్‌కర్నూలు, కొల్లాపురముల మీదుగా కృష్ణాతీరమునందలి సోమశిలకు పోవును. 1980ల చివరినుండి రెండు దశాబ్దములకు పైగా ఈ బాటలలో ప్రయాణమన్నది సామాన్యవిషయము కాకపోయినది. నల్లమల పీపుల్స్‌వార్ నక్సలైటు దళములకు స్థావరమై యుండుటచేత, కల్వర్టు కనబడిన చోట జీపు వేగము తగ్గించుట, క్రొత్తగా త్రవ్విన మట్టి కనబడిన చోట ఆగిపోవుట పోలీసు డ్రైవర్లకు అలవాటయ్యెను. మందుపాతర వాహనము క్రింద నుండదు, బాటక్రింద నుండును. తీగ రెండవకొన పొదల మాటున నున్నవాని చేతిలో నుండును. కనుక వాహనమును ఎంత పరీక్షించినను ఫలము లేదు, బాటనే పరీక్షింపవలెను.

1993 నవంబరులో సోమశిలయొద్ద అట్టి మందుపాతరయే ప్రేలి మహబూబ్‌నగర్ జిల్లా పోలీసు సూపరింటెండెంటు పరదేశినాయుడును, ఆయనతో నున్న పోలీసులును మరణించిరి. ఒక జిల్లా పోలీసు అధిపతియే ఈ విధముగా బలియగుట రాష్ట్రమంతటను సంచలనము కలిగించెను. 2000 మార్చి 7వ తేదీన హైదరాబాదు శివారులలోని ఘట్‌కేసరు వద్ద రాష్ట్ర పంచాయతీరాజ్ మంత్రియు, అంతకుముందు హోంమంత్రిగా పనిచేసినవారును, నల్లగొండ జిల్లా భువనగిరి శాసనసభ్యులును అగు ఎలిమినేటి మాధవరెడ్డి ఇదేరీతి ప్రేలుడులో చనిపోయిరి. 2003 అక్టోబరు 1వ తేదీన తిరుమల బ్రహ్మోత్సవములకు పోవుచున్న ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు వాహనశ్రేణిపై అలిపిరియొద్ద క్లేమోర్ పాతరలు ప్రేలినవి. తూటాలు దూరని కవచముగల అంబాసిడరు కారులో నున్న ఆయన మెడక్రింది యెముక విరిగియు బ్రతికి బయటపడిరి. 2007 సెప్టెంబరు 7వ తేదీన నెల్లూరు జిల్లా వాకాడు సమీపమున మాజీ ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డియు, ఆయన భార్య రాజ్యలక్ష్మియు తప్పించుకొనగా, వెంట వచ్చినవారిలో ముగ్గురు మరణించిరి. ఈ నాలుగు ఘట్టములను వరుసగా చూచినచో, కీడు చేయువాడు దూరనియంత్రణమును ముందుగా నేర్చుకొనెననియు, కాపాడువాడు ఆ విద్యను చాల వెనుకగా అందుకొనెననియు స్పష్టమగును.

ప్రతిక్రియలలో మొదటిది యంత్రసంబంధమైనది కాదు. 1989లో ఏర్పడిన గ్రేహౌండ్స్ పోలీసు దళములు వాహనములను వదలి కాలినడకన అడవిలో ప్రవేశించుట నియమముగా గైకొన్నవి. ప్రముఖులు పోవు బాటలను ముందుగా నడచి, కల్వర్టులను దిగి చూచి, తీగలకొఱకు వెదకు దళములు ఏర్పడినవి. తరువాత వచ్చినది మందుపాతరలను తట్టుకొను వాహనము. దక్షిణాఫ్రికావారి కాస్పిర్ వాహనమునందువలె అడుగుభాగము నాగటికఱ్ఱు ఆకారమున చేయబడి, ప్రేలుడు ధాటిని ఇరుప్రక్కలకు మరలించు ఇట్టి బండ్లను మెదకు ప్రాంతమున ఎద్దుమైలారములోని ఆయుధకర్మాగారము 'ఆదిత్య' అను పేరున తయారుచేసినది. దీనికిని హద్దు కలదు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూరు ప్రాంతమున అధికపరిమాణపు మందుపాతర అట్టి వాహనమును సైతము ఎగురగొట్టగా ఇరువదిమందికి పైగా జవానులు మరణించిరి. మూడవది జామరు: రేడియో సంకేతముతో ప్రేల్చు పాతరను ఆ సంకేతము చేరకుండ మూగచేయు పరికరము. హైదరాబాదులోని ఈ.సి.ఐ.ఎల్. సంస్థ వీనిని దేశమునకు తయారుచేసి యిచ్చుచున్నది. అయితే తీగతో కలిపిన పాతరకు జామరు ఏమియు చేయజాలదు.

మన దేశమున దూరనియంత్రిత పరీక్షకు నిజమైన రూపము నిచ్చినది పూనేయందలి డి.ఆర్.డి.ఓ. ప్రయోగశాల నిర్మించిన 'దక్ష్' యంత్రము. 2011లో సైన్యమున ప్రవేశపెట్టబడిన ఈ బండి 500 మీటర్ల దూరమునుండి నడపబడి, మెట్లెక్కి, తలుపు పగులగొట్టి, కారులోనికి తొంగిచూచి, ఎక్స్‌రే కిరణములతో వస్తువును పరీక్షించి, నీటిధారతో బాంబును నిర్వీర్యము చేయగలదు. బాంబు నిర్వీర్యదళపు మనిషి అంతకుముందు మందపు కవచము తొడిగికొని ఒంటరిగా పోవలసిన ఆ కొద్దిగజముల దూరమును యంత్రము తానే నడచుచున్నది.

ఇక సామాన్యవాహనములలో, డ్రైవరు ఎక్కకముందే చేయదగిన పరీక్షను గూర్చి. దీని సూత్రము సరళమైనది. తలుపు, బోనెట్టు, ఇంధనపు మూతలయొద్ద నున్న మీటలు రాత్రి అవి తెరువబడెనో లేదో తెలుపును. వాలును కొలుచు పరికరము బండిని ఎవరైన జాకీతో లేపిరో తెలుపును. టైర్లలోని గాలిని, బ్రేకు ఆయిలు మట్టమును కొలుచు పరికరములు తేడా కనుగొనును. ఇవియన్నియు బాగున్నవని చేతిలోని మీటకు గాని ఫోనునకు గాని సమాచారము వచ్చిన పిదప, డ్రైవరు దూరముననే నిలిచి ఇంజను స్టార్టు చేయవచ్చును. 2019లో హ్యుండాయ్ వెన్యూ మొదలుగా ఫోనుతో అనుసంధింపబడిన కార్లు మన దేశమున విరివిగా వచ్చినవి. వీనిలో దూరమునుండి ఇంజను స్టార్టు చేయు సౌకర్యము కారును చల్లబరచుటకే ప్రకటింపబడినది గాని, క్షేమమునకు దాని ఉపయోగము అంతకంటె గొప్పది. చేతిగేరు గల బండ్లలో దీనికి చిక్కు కలదు. గేరులో నిలిపిన బండిని దూరమునుండి స్టార్టు చేసినచో అది ముందుకు దుముకును. కావున గేరు న్యూట్రలులో నున్నదని ముందు నిశ్చయింపవలెను. బ్రేకు విషయమున మరియొక లోపము కలదు: గొట్టము పూర్తిగా తెగినచో ఆయిలు కారి మట్టము తగ్గుటచే తెలియును, సగము కోయబడి, ఘాటురోడ్డుమీద గట్టిగా తొక్కినప్పుడు మాత్రమే తెగునట్లుండిన గొట్టమును కనుగొనుట కష్టము. కదలని బండి బ్రేకును పీడించి, పీడనము నిలుచుచున్నదో లేదో చూచు పరీక్ష లేనిచో, మిగిలిన పరీక్షలన్నియు అసంపూర్ణములే.

దూరనియంత్రణమే విద్రోహమునకు ద్వారమగు ప్రమాదమును మరువరాదు. 2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అను ఇరువురు పరిశోధకులు అమెరికాలో రోడ్డుపై పోవుచున్న జీపు చెరోకీ వాహనమును మైళ్ల దూరమున గదిలో కూర్చుండి ఇంటర్నెట్టు ద్వారా అదుపులోనికి తెచ్చుకొని చూపగా, కంపెనీ 14 లక్షల వాహనములను సరిచేయుటకు వెనుకకు పిలువవలసి వచ్చెను. ఐక్యరాజ్యసమితి వాహననియమములలో సైబరు రక్షణకై ప్రత్యేకముగా 155వ నియమము 2021లో అమలులోనికి వచ్చినది.

2012 డిసెంబరులో ఢిల్లీలో బస్సులో ఒక యువతిపై జరిగిన ఘోరము తరువాత, ప్రజారవాణా వాహనములలో స్థానము తెలుపు పరికరమును, ఆపదమీటను ఉంచవలెనని కేంద్రప్రభుత్వము నియమము చేసినది; 2019 జనవరి 1 నుండి క్రొత్తగా నమోదగు వాహనములకు అది వర్తించినది. ఏ.ఐ.ఎస్. 140 అను ప్రమాణము ననుసరించు ఆ పరికరము, తన పెట్టెను ఎవరైన తెరచినను, బ్యాటరీతీగ తీసినను, ఆపదమీట తీగ కోసినను వెంటనే హెచ్చరిక పంపవలెను. విద్రోహమును దూరమునుండి పసిగట్టు పరికరము మొదటిసారిగా సామాన్యుని బస్సులోనికి వచ్చినది ఈ నియమముచేతనే. ఆ హెచ్చరిక మొదట చేరునది నియంత్రణకేంద్రమునకు. స్టీరింగు ముందు కూర్చున్నవానికి కాదు.

కల్వకుర్తి బస్సుడిపోవంటి చోట తెల్లవారుజామున మొదటి సర్వీసు తీయబోవు డ్రైవరు పనిని దగ్గరనుండి చూచినవారికి ఈ లోపము అర్థమగును. టార్చి చేతబట్టి బండి చుట్టును తిరిగి, ముందు చక్రమువద్ద వంగి, నేలపై ఆయిలు మరకలున్నవేమో చూచును. ఇనుపకడ్డీతో టైరును తట్టి శబ్దమునుబట్టి గాలి తెలిసికొనును. ఇంజను స్టార్టు చేసి, బ్రేకుగాలి ముల్లు పైకెక్కువరకు ఆగి, బ్రేకు ఒకసారి తొక్కి చెవి యొగ్గును. అతని పరీక్ష యంతయు కన్ను, చెవి, చేయి. మన్ననూరు దాటిన పిదప అడవిలో మలుపులు తిరుగు బాటపై వెనుక నున్న ఏబదిమంది ప్రాణములు ఆ మూడింటిమీదనే యాధారపడి యుండును. పెద్దల వాహనములకు అద్దములు, జామర్లు, ముందు నడచు దళములు ఏర్పడిన ఈ దేశమున, బస్సు బ్రేకు పీడనమును, చక్రముల బిగువును డ్రైవరు ఎక్కకముందే పరీక్షించి, ఫలితమును నియంత్రణకేంద్రమునకు కాక మొదట ఆతనికే తెలుపు పరికరమును ఘాటుబాటల సర్వీసులన్నిటను తప్పనిసరి చేయవలెనని రవాణాధికారులను కోరుట సమంజసము.