మెట్టనేల మెచ్చిన మొక్కలు

పాఠశాల చరిత్ర అనగానే గదులు కట్టిన సంవత్సరాలు, పనిచేసిన గురువుల పేర్లు, పరీక్షా ఫలితాలు స్ఫురించడం సహజం. ప్లాటినం జూబిలీ సంచికలో వాటికి సముచిత స్థానం ఉండవలసినదే. అయితే డెబ్బది ఐదేండ్లుగా మన పిల్లలకు నీడనిచ్చి, ప్రార్థనకు, భోజనానికి, ఒక్కొక్కప్పుడు తరగతికి కూడా చోటు చూపిన చెట్లకు సైతం ఒక చరిత్ర ఉన్నది. క్యాతగానచెర్లు వంటి మెట్ట గ్రామంలో ఏ మొక్క బ్రతికినది, ఏది ఎండినది, ఏది పొలాలను ఆక్రమించినది అన్న విషయం తెలిస్తే ఈ నేలతో మన పెద్దలు సాగించిన సహవాసమంతా తెలిసినట్లే. ఆ చరిత్రను విద్యార్థుల ముందుంచడమే ఈ వ్యాసోద్దేశం.

మన నేల స్వభావం

పావగడ తాలూకా కర్ణాటకలోని తుమకూరు జిల్లాకు చెందినదైనా, దానిని మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ చుట్టుకొని ఉన్నది. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు ఈ తాలూకా మైసూరు రాష్ట్రంలోనే నిలిచినది. ఇంట తెలుగు, కచేరీలో కన్నడం మనకు అలవాటు. కనుక మన పిల్లవానికి ప్రతి చెట్టుకూ రెండు పేర్లు తెలియాలి. మన కానుగ వారికి హొంగె, మన వేప వారికి బేవు, చింత హుణిసె, తంగేడు తంగడి. రాష్ట్రాలకు హద్దులు గీశారు గాని, తంగేడు మాత్రం హద్దుకు ఇరుప్రక్కలా ఒకే తీరున పూస్తున్నది.

ఉత్తర పినాకిని, అనగా మన పెన్న, నాగలమడిక ప్రక్కగా పోతున్నా, ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకగానే కనిపిస్తుంది. సాలుకు కురిసే వాన ఐదారు వందల మిల్లీమీటర్లకు మించదు. అందులోనూ పెద్ద భాగం వానకారు చివరి నెలలలోనే పడుతుంది. పైన పలుచని ఎర్రమట్టి, క్రింద రాయి. బోరు నీటిలో ఫ్లోరైడు అధికమన్న సంగతి ఈ తాలూకాలో బడిపిల్లలకు కూడా తెలిసినదే. క్యాతగానచెర్లు, రాయచెర్లు అన్న పేర్లలోనే చెరువు వినిపిస్తుంది. వాన నీటిని నిలుపుకొన్న చోటనే ఊరు నిలిచినదని ఆ పేర్లు చెప్పకయే చెబుతున్నవి. ఇటువంటి చోట తోట పెంచదలచినవాడు ముందుగా నీటిని గురించి, తరువాతనే పూలను గురించి ఆలోచించవలసి ఉంటుంది.

ప్రాచీనుల దృష్టి

చెట్లు నాటడం మన ప్రాంతానికి క్రొత్త కాదు. గుత్తికి సమీపంలోని ఎర్రగుడి బండలపై క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అశోక చక్రవర్తి చెక్కించిన శాసనాలలో, మనుష్యులకూ పశువులకూ పనికివచ్చే ఓషధులను లేనిచోట తెప్పించి నాటించినట్లు, బాటల వెంట బావులు త్రవ్వించి చెట్లు పెంచినట్లు ఉన్నది. 6వ శతాబ్దానికి చెందిన వరాహమిహిరుని బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయమున్నది. నేరేడు, మేడి వంటి చెట్లను, వాటి చెంత నున్న పుట్టలను బట్టి భూగర్భజలాన్ని ఊహించే విధానానికి మరొక అధ్యాయమున్నది. దాహమైన మొక్కకు మనిషి నీరు పోయడం ఒక పద్ధతి. నీరున్న చోటును మొక్క చేతనే చెప్పించుకోవడం ఇంకొక పద్ధతి. మెట్టసీమ పెద్దలకు ఈ రెండవ పద్ధతి బాగా తెలుసు.

మన జిల్లాలోనే ఉన్న శిరా 1687 తరువాత మొగలుల సుబాకు రాజధాని అయినది. అక్కడ దిలావర్ ఖాన్ కాలపు ఖాన్ బాగ్ ఉద్యానాన్ని చూచియే హైదర్ అలీకి బెంగుళూరులో లాల్‌బాగ్ నిర్మించాలన్న తలంపు కలిగినదని చరిత్రకారులు వ్రాశారు. లాల్‌బాగ్ 1760లో ఆరంభమైనది. అనంతరం టిప్పు సుల్తాను శిరా నుండి పన్నెండు వేల కుటుంబాలను శ్రీరంగపట్టణానికి తరలించడంతో ఆ పట్టణ వైభవం క్షీణించినది. నీరెత్తి పోసే మనుషులు లేనిచోట రాజోద్యానం నిలువదు. ఊరి తోపు, గుడి ముందరి రావి, పెరటి కరివేప, చేని చుట్టూ కంచె మాత్రం ఏ రాజు పోయినా నిలిచినవి. వాటిని పెంచినవారి పేర్లు ఏ శాసనంలోనూ లేవు.

ఎండను ఓర్చే విద్య

మన మొక్కలు ఎండను ఎట్లా ఓర్చుకొంటున్నవో పరిశీలిస్తే ఒక్కొక్కటి ఒక పాఠం. వేప, కానుగ వేసవి తొలినాళ్ళలో ఆకు రాల్చి వెంటనే చిగురిస్తాయి. సరిగా మనకు నీడ కావలసిన ఉగాది వేళకు పచ్చబడతాయి. వాటి వేళ్ళు లోతుకు దిగి, పైమట్టి ఎండినా తేమను వెదకుకొంటాయి. కానుగ చిక్కుడు కుటుంబానికి చెందినది కనుక, దాని వేరుబొడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తాయి. కానుగ ఆకు పొలానికి ఎరువు, గింజ దీపానికి నూనె. బందారు ఆకుపై సన్నని జిగురు పూత ఉండి తేమను పోనీయదు. కత్తిరించిన కొద్దీ గుబురుగా పెరిగి కంచెగా పనికివస్తుంది. తంగేడును మేకలు ముట్టవు; కనుక కాపలా అక్కరలేదు. చెప్పులు కుట్టేవారికి దాని పట్ట తోలు పదును చేయడానికి ఆధారమైనది. రేగు ముళ్ళతో తన్ను తాను కాచుకొంటూనే పిల్లలకు పండ్లిస్తుంది. నల్లేరు, కలబంద కాడలలో, ఆకులలో నీరు దాచుకొంటాయి.

ఇక్కడ ఒక సందేహం కలుగవచ్చు. నాటుమొక్క అనగా నేమి? మనకు ప్రాణప్రదమైన చింత, శాస్త్రజ్ఞుల అభిప్రాయంలో, ఆఫ్రికా ఖండం నుండి వచ్చినదే. అరబ్బులు దానిని హిందూదేశపు ఖర్జూరమని పిలిచేటంతగా అది అతి ప్రాచీన కాలంలోనే మనదైపోయినది. మన రైతు జీవనాధారమైన వేరుసెనగ దక్షిణ అమెరికా పంట. బంతి మెక్సికో పూవు. కాబట్టి పుట్టుక ఒక్కటే కొలబద్ద కాజాలదు. ఇరుగుపొరుగు మొక్కలను బ్రతుకనిచ్చి, పశువుకో పక్షికో మనిషికో ఉపకరించి, ఈ వానతోనే సరిపెట్టుకొనే మొక్కను మన పెద్దలు తమదిగా భావించారు.

తొందరపాటు నేర్పిన పాఠాలు

ఈ కొలబద్దకు నిలువని మొక్కల వలన మన సీమ ఎన్నో ఇక్కట్లు పడినది. నాగజెముడు ఒకప్పుడు దక్షిణ దేశమంతటా పొలాలను ఆక్రమించగా, 1926లో సింహళం నుండి తెచ్చిన ఒక పురుగు దానిని అదుపు చేసినది. 1870ల చివర వంటచెరకు కోసం కడప ప్రాంతంలో నాటించిన అమెరికా తుమ్మను మనం సర్కారు తుమ్మ అనీ, కన్నడిగులు బళ్ళారి జాలి అనీ అంటాము. పేదల పొయ్యి వెలిగించిన మాట నిజమే గాని, అది చెరువులనూ వంకలనూ కమ్మి గడ్డిని మొలవనీయకుండా చేసినది. 1950ల మధ్యలో పూనా వద్ద కనిపించిన వయ్యారిభామ నేడు ప్రతి బడి గోడ ప్రక్కనా ఉన్నది.

అన్నిటికంటె మన జిల్లాకు సన్నిహితమైన కథ నీలగిరి చెట్టుది. 1980 దశకం తొలినాళ్ళలో సామాజిక అరణ్య పథకం క్రింద కర్ణాటకలో ఈ మొక్కలను విస్తారంగా నాటించారు. రాగులు పండే చేలు కూడా కలప తోటలైనవి. కూలి తగ్గినది, మేత తగ్గినది, బావులు ఎండుతున్నవని రైతులు మొరపెట్టుకొన్నారు. 1983 ఆగస్టు 10న తుమకూరు జిల్లాలోని బార్క, హోళహళ్ళి గ్రామాల ప్రజలు అటవీశాఖ నారుమడికి కదలి వెళ్ళి, నీలగిరి మొక్కలను పెరికి, వాటి స్థానంలో చింత గింజలు, మామిడి టెంకలు నాటారు. వారిని అరెస్టు చేశారు. ముప్పది మూడేండ్లు దాటిన పిమ్మట, 2017లో, కర్ణాటక ప్రభుత్వం నీలగిరిని క్రొత్తగా నాటడాన్ని నిషేధించినది.

ఇందులో ఒక విశేషమున్నది. 1950లో కేంద్రమంత్రి కె.ఎం. మున్షీ ఆరంభించిన వనమహోత్సవం వయస్సూ, మన పాఠశాల వయస్సూ రమారమి ఒకటే. ఏటేటా మొక్కలు నాటడం అలవాటైనది. అయితే ఏ మొక్క, ఎవరి కోసం, ఎవరి నీటితో అన్న ప్రశ్నలను ఆ పల్లె ప్రజలు అడిగారు.

ఓపికతో సాధించినవారు

ఆ ప్రశ్నలకు చేతలతో సమాధానమిచ్చినవారు కూడా మన చుట్టుప్రక్కలనే ఉన్నారు. తుమకూరు జిల్లా గుబ్బి తాలూకాలో జన్మించిన సాలుమరద తిమ్మక్క బడికి వెళ్ళి చదువుకొన్నది కాదు. భర్తతో కలసి, మాగడి తాలూకాలో హులికల్ నుండి కూదూరుకు పోయే బాట వెంట మర్రిమొక్కలు నాటినది. మొదటి ఏడు పది, తరువాత పదిహేను, ఆపైన ఇరవై, ఇట్లా ఏటికేడు పెంచుకొంటూ పోయినది. బిందెలతో నీరు మోసి, ముళ్ళకంప కట్టి, పశువుల బారిన పడకుండా కాపాడినది. వానకాలం చూచి నాటడం, చేతనైనంత వరకే నాటడం, నాటినదానిని విడువకపోవడం ఆమె పద్ధతి. అట్లా రమారమి నాలుగు వందల మర్రిచెట్లు నిలిచినవి. 2019లో భారత ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ప్రదానం చేసినది.

హద్దుకు ఆవలివైపు, నాడు అనంతపురం, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న చెన్నేకొత్తపల్లి వద్ద, 1990లో టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ వెలసినది. దాని స్థాపకులు బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం 32 ఎకరాల బీడు భూమితో పని ప్రారంభించారు. నిప్పు పడకుండా, గొడ్డలి పడకుండా కాచి, వాన నీటికి అడ్డుకట్టలు వేస్తే, మట్టిలో మిగిలిన పాత వేళ్ళే చిగురిస్తాయని వారి అనుభవం తెలిపినది. అదే మార్గంలో పల్లె ప్రజలు కాపాడుకొన్న కల్పవల్లి అడవి వేల ఎకరాలకు విస్తరించినది. మన వానే అక్కడా కురుస్తుంది. మన రాయే అక్కడా ఉన్నది.

నేటి పరిస్థితి

ఇక మన ఊరి సంగతికి వస్తాను. 2018 మార్చి 1న ప్రారంభమైన పావగడ సౌర విద్యుత్ పార్కు, శక్తిస్థల, తిరుమణి, బాలసముద్రం, క్యాతగానచెర్లు, వల్లూరు, రాయచెర్లు అనే ఐదు గ్రామాల భూములపై నిర్మింపబడినది. సుమారు 13,000 ఎకరాలు; 2019 చివరికి 2,050 మెగావాట్లు. రైతులు భూమిని అమ్మలేదు, దీర్ఘకాలపు గుత్తకు ఇచ్చారు. ఎకరాకు సాలుకు 21,000 రూపాయలతో మొదలై, రెండేండ్లకొకసారి 5 శాతం పెరిగేటట్లు ఒడంబడిక. వరుస కరవులతో వేరుసెనగ విత్తనపు ఖర్చు కూడా రాని ఇండ్లకు ఇది ఊరట కలిగించినది. పొగలేని విద్యుత్తు దేశానికి అవసరమన్నది కూడా కాదనలేము. కాని భూమి లేని కూలివారికి పనీ, గొర్రెలకు బీడూ తగ్గినవి. పలకలపై నీడ పడరాదు కనుక అక్కడ చెట్టుకు తావులేదు. గట్టు మీది కానుగ, చేని మధ్య చింత, వంక వారన ఈత ఆ మేరకు మన కంటికి దూరమైనవి.

నన్ను కలవరపరచే విషయం మరొకటి ఉన్నది. గుత్త గడువు ఒక తరం కాలం. అది ముగిసి భూమి తిరిగి వచ్చేనాటికి నేడు మన బెంచీలపై ఉన్న బాలబాలికలు నడివయస్సు వారవుతారు. గట్టు నెరుగక పెరిగిన వారికి ఆ భూమిలో ఏది నాటాలో ఎవరు చెబుతారు? తరగతిలో తంగేడు కొమ్మ చూపితే పేరు చెప్పగలిగే చేతులు ఏటేటా తగ్గుతున్నవి. విత్తనం నశించిన తరువాత వెదకవచ్చునేమో గాని, పేరు మరచిన దానిని వెదకడం సాధ్యం కాదు.

పాఠశాల చేయదగినది

1937 నాటి వార్ధా విద్యా పథకం చేతిపనిని చదువుకు కేంద్రం చేసినది. 1977లో ఈశ్వరభాయి పటేల్ సంఘం సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక కార్యాన్ని పాఠ్యాంశంగా సిఫారసు చేసినది. పాఠశాల తోట ఆ విధంగా మనకు సంప్రదాయసిద్ధమే. ఈ జూబిలీ సందర్భంలో ఆవరణలోని ఒక భాగాన్ని మెట్టమొక్కల తోటగా, విత్తనాల కొట్టుగా తీర్చిదిద్దాలని నా విన్నపం.

అందుకు ధనం కంటె శ్రద్ధ ముఖ్యం. గోడ వెంట బందారు, తంగేడు. ఆటస్థలం అంచున వేప, కానుగ. మూలలో రేగు, నేరేడు. తరగతుల ముందు తులసి, నందివర్ధనం, కలబంద చాలును. వేసవిలోనే మూరెడు లోతు గుంతలు త్రవ్వి ఎండనిచ్చి, మృగశిర, ఆరుద్ర కార్తెల వానలకు నాటాలి. వేప గింజ కొద్ది వారాలకే మొలకెత్తే శక్తిని కోల్పోతుంది. కనుక పండు రాలిన వెంటనే విత్తాలి. తంగేడు గింజకు పైపొర గట్టి, నానబెట్టి విత్తాలి. పాదులో ఎండుటాకులు కప్పాలి. మొక్క ప్రక్కన మట్టికుండ పాతి నీరు నింపితే, అది చెమ్మగిల్లి వేళ్ళకు మెల్లగా అందుతుంది. చేతులు కడిగిన నీరు, భోజనపు పళ్ళెములు తొలిచిన నీరు ఇందుకు సరిపోతుంది. బోరు నీటితో పనిలేదు. ప్రతి మొక్క వద్ద తెలుగు పేరు, కన్నడ పేరు వ్రాసిన పలక నుంచాలి. ఏటా గింజలు సేకరించి, ఎండబెట్టి, ఏ చెట్టువో, ఏ నెలలో సేకరించినవో వ్రాసి, వాటిని పై తరగతివారు క్రింది తరగతివారికి అప్పగించాలి.

పూర్వ విద్యార్థులకు ఒక్క మాట. పాఠశాలకు బీరువాలు, గడియారాలు బహూకరించే మీ అభిమానం గొప్పది. ఈసారి మీ ఇంట మిగిలిన పాత చెట్టు గింజలు ఒక దోసెడు తెచ్చి ఇవ్వండి. మీ ఇంటి పెద్దలకు ఆ చెట్టును గురించి తెలిసిన సంగతులను మన పిల్లలకు చెప్పించండి, వారు వ్రాసుకొంటారు. శతజయంతి నాటికి ఈ బడిలో కూర్చునేవారికి నీడా, ఆ నీడ పేరూ రెండూ దక్కాలని ఆశిస్తున్నాను.