42 ఏళ్ళకి ఉద్యోగం పోయింది, మదనపల్లె బండి ఎక్కాడు

పోయిన నెల కుప్పం నుంచి మా బావ ఫోన్ చేశాడు. పొద్దున ట్రైన్‌లో బెంగళూరు పోయి రాత్రికి ఇల్లు చేరే మనిషి. వయసు 41. "ఇంక ట్రైన్ ఎక్కే పని లేదురా, తీసేశారు" అన్నాడు. ఇంటి లోన్ ఇంకా 11 ఏళ్ళు ఉంది. "ఈ వయసులో మళ్ళీ మొదట్నుంచా?" అని అడిగాడు.

నేనేం చెప్తాను? నాకింకా 28. అదీ సాఫ్ట్‌వేర్ వదిలేసి కెమెరా ముందు కూర్చున్నవాణ్ణి. కానీ ఆ రాత్రి నాకొక మనిషి గుర్తొచ్చాడు. మాది పుంగనూరు కదా, ఇంటర్ మదనపల్లెలోనే చదివా. అక్కడ ఎవర్నడిగినా టాగూర్ వచ్చాడని, 1919లో మన జాతీయ గీతాన్ని అక్కడే ఇంగ్లీషులోకి రాశాడని చెప్తారు. ఆయన్ని పాడమని అడిగిన ఐర్లాండ్ మనిషి మదనపల్లెలో ఏం చేస్తున్నాడు అని మాత్రం ఎవరూ అడగరు. నేనూ అడగలేదు.

ఆయన పేరు జేమ్స్ కజిన్స్. పుట్టింది 1873లో, బెల్‌ఫాస్ట్‌లో. ఇంట్లో డబ్బుల్లేవు, చిన్నప్పుడే చదువు ఆపి ఆఫీసు పనుల్లో చేరాడు. తర్వాత డబ్లిన్‌లో గుమాస్తా పని, ఆ పైన స్కూల్లో టీచర్ ఉద్యోగం. పక్కన కవిత్వం, నాటకాలు రాసేవాడు. యేట్స్‌తో పరిచయం ఉండేది, తర్వాత చెడింది. భార్య మార్గరెట్ సంగీతంలో డిగ్రీ చేసింది. ఆడవాళ్ళకి ఓటు హక్కు కావాలని ఉద్యమంలో దిగి జైలుకి కూడా వెళ్ళొచ్చింది. 1913లో స్కూలు వదిలేసి ఇద్దరూ లివర్‌పూల్ వెళ్ళారు. అక్కడ ఆయన చేసిన పనేంటో తెలుసా? శాకాహార పదార్థాలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం! 40 ఏళ్ళ కవి. లింక్డిన్ ఉండుంటే ప్రొఫైల్‌లో ఏం పెట్టుకునేవాడో.

1915లో అనీ బిసెంట్ రమ్మంటే మద్రాసు వచ్చారు. ఆవిడ నడిపే 'న్యూ ఇండియా' పేపర్లో సాహిత్యం పేజీల పని. ఊరు కొత్త, భాష కొత్త, అయినా చేతిలో జీతం ఉంది. సరిగ్గా అప్పుడే, 1916 ఏప్రిల్‌లో, డబ్లిన్‌లో బ్రిటిష్ వాళ్ళమీద తిరుగుబాటు జరిగింది. దాన్ని నడిపిన వాళ్ళని కాల్చి చంపారు. వాళ్ళలో కవులూ ఉన్నారు. కజిన్స్ ఊరుకోలేకపోయాడు, వాళ్ళని మెచ్చుకుంటూ పేపర్లో రాశాడు.

ఇక్కడ డబ్బు లెక్క చూడండి. ఆ ఏడాదే మద్రాసు ప్రభుత్వం ప్రెస్ చట్టం కింద ఆ పేపర్ని 2,000 రూపాయల పూచీకత్తు కట్టమంది. కొన్ని నెలలకి ఆ డబ్బు జప్తు చేసి, ఈసారి 10,000 కట్టమంది. అలాంటి టైంలో ఇలాంటి వ్యాసం. బిసెంట్ ఆయన్ని తీసేయాల్సి వచ్చింది. వచ్చి ఏడాది కూడా కాలేదు, వయసు 42. వెనక్కి పోదామంటే బయట మొదటి ప్రపంచ యుద్ధం.

తీసేసింది ఆవిడే, మళ్ళీ దారి చూపించింది కూడా ఆవిడే. 1915లో మొదలైన మదనపల్లె థియోసాఫికల్ కాలేజీలో పాఠాలు చెప్పమని పంపింది. మద్రాసు పేపరాఫీసు ఎక్కడ, కొండల మధ్య ఈ చిన్న ఊరెక్కడ! మనమైతే డిమోషన్ అనుకుంటాం. నాకు నచ్చిందేంటంటే, ఆయన కొత్త స్కిల్ ఏదో నేర్చుకోవాలని పరిగెత్తలేదు. డబ్లిన్‌లో ఏళ్ళ తరబడి చేసిన పనే, పాఠం చెప్పడం, ఇక్కడ మళ్ళీ పట్టుకున్నాడు. క్లాసులు చెప్తూనే రాశాడు. 1917లో వచ్చిన ఆయన పుస్తకం గురించి సమీక్ష రాయబోయి, శ్రీ అరవిందులు ఏకంగా ఒక పెద్ద వ్యాసాల వరసే రాసేశారు. అదే 'ది ఫ్యూచర్ పొయెట్రీ'.

ఆ ఏడాదే మార్గరెట్ అడయారులో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పెట్టడంలో ముందు నిలబడింది. సరోజినీ నాయుడు నాయకత్వంలో ఆడవాళ్ళ ఓటు కోసం మాంటేగుని కలిసిన బృందం వెనక శ్రమ ఈవిడదే. ఆయన కథ చెప్పేవాళ్ళు ఈవిడని ఒక్క లైన్‌లో తేల్చేస్తారు, నేనూ ఇప్పుడు అదే చేస్తున్నా. ఆవిడ మీద వేరే ఎపిసోడ్ చేయాలి.

1919 ఫిబ్రవరికి కజిన్స్ ప్రిన్సిపాల్. టాగూర్ విశ్రాంతి కోసం వచ్చి కాలేజీలో ఉన్నాడు. ఒక సాయంత్రం పాటల కూటంలో కజిన్స్ అడిగితే ఆయన జనగణమన పాడాడు. తర్వాత ఇంగ్లీషు చేసి ఇచ్చాడు, తేదీ ఫిబ్రవరి 28. మార్గరెట్ స్వరం రాసుకుంది. ఉద్యోగం పోయి అప్పటికి మూడేళ్ళు కూడా కాలేదు.

ఇదంతా బావకి చెప్పా. ఓపిగ్గా విని, "ఇంతకీ డబ్బుల్లో సెటిలయ్యాడా?" అన్నాడు. మంచి ప్రశ్న. కాలేదు బావా, అన్నా. జపాన్‌లో కెయో యూనివర్సిటీలో కొన్నాళ్ళు పాఠాలు చెప్పాడు, 1930ల్లో మళ్ళీ మదనపల్లెలో ప్రిన్సిపాల్ అయ్యాడు, తిరువనంతపురంలో 1935లో తెరిచిన చిత్రాలయం వెనకా ఉన్నాడు. పేరు వచ్చింది, పని దొరుకుతూనే ఉంది. ఆస్తి మాత్రం కూడలేదు. 1940ల్లో మార్గరెట్‌కి పక్షవాతం వచ్చాక మద్రాసు ప్రభుత్వం, తర్వాత నెహ్రూ డబ్బు సాయం చేశారు. ఆవిడ 1954లో పోయింది. ఆయన 1956 ఫిబ్రవరిలో, మదనపల్లెలోనే.

బావ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "నేను కూడా పెళ్ళికి ముందు రెండేళ్ళు సీ లాంగ్వేజ్ చెప్పినాను కదరా" అన్నాడు. "అది చూస్తా. ముందు బ్యాంకుకి పోయి ఈఎంఐ తగ్గిస్తారేమో అడగాలి. సోమవారం పొద్దున్నే నువ్వు కూడా రా, ఒక్కణ్ణే పోవాలంటే ఎట్లనో ఉంది."