సినాప్స్ బలపడటం: చిట్టెలుక ఇచ్చిన సాక్ష్యం

ఈ పాఠంపై వచ్చే జవాబు పత్రాలలో ఒక పొరపాటు తరచుగా కనిపిస్తుంది. సినాప్స్ బలపడటాన్ని మొదట చిట్టెలుకలో కనుగొన్నారని రాస్తారు. కాదు, కుందేలులో. టిమ్ బ్లిస్, టెర్యే లోమో ఓస్లోలో మత్తు ఇచ్చిన కుందేళ్ల మెదడులో, హిప్పోకాంపస్‌కు వెళ్లే నాడీతంతువులను విద్యుత్తుతో వేగంగా ప్రేరేపించారు. తర్వాత వచ్చిన స్పందన పెరిగి గంటల తరబడి నిలిచింది. 1973లో ప్రచురితమైన ఈ దృగ్విషయాన్నే నేడు ఎల్‌టీపీ అంటున్నాం.

మరి చిట్టెలుక ఎప్పుడు వచ్చింది? ఎందుకు వచ్చింది? ఈ రెండో ప్రశ్న ముఖ్యమైనది.

1980వ దశకంలో ఔషధాల సాయంతో అణుస్థాయి వివరాలు కొన్ని తెలిశాయి. నాడీకణం పొరలోని ఎన్‌ఎండీఏ గ్రాహకం ద్వారాన్ని మెగ్నీషియం అయాన్ మూసి ఉంచుతుంది. అవతలి కణం నుంచి గ్లుటమేట్ రావాలి, అదే సమయంలో ఈ కణం ఉత్తేజితమై ఉండాలి. రెండూ కలిసినప్పుడే మెగ్నీషియం తొలగి కాల్షియం లోపలికి వస్తుంది. ఆ కాల్షియం CaMKII అనే, అంటే ‘క్యామ్‌కే-2’ అనే ఎంజైమ్‌ను మేల్కొలుపుతుంది. తత్ఫలితంగా సినాప్స్ వద్ద ఏఎంపీఏ గ్రాహకాలు పెరుగుతాయి. అయితే ఔషధంతో ఒక చిక్కు ఉంది: అది మనం అనుకున్న అణువునే తాకిందని హామీ ఏమిటి?

అందుకే జన్యువునే తొలగించాలన్న ఆలోచన వచ్చింది. అప్పటికి ఆ పద్ధతి బాగా కుదిరినది చిట్టెలుకలోనే. 1992లో ఆల్సినో సిల్వా, సుసుము టోనెగావా బృందం క్యామ్‌కే-2 ఆల్ఫా జన్యువు లేని చిట్టెలుకలను తయారుచేసింది. వాటిలో ఎల్‌టీపీ దెబ్బతిన్నది. నీటి తొట్టెలో దాగిన వేదికను గుర్తుపెట్టుకోవడంలోనూ అవి వెనుకబడ్డాయి. 1998లో సిల్వా బృందం మరింత సున్నితంగా వెళ్లింది. ఎంజైమ్‌ను ఉంచి, అందులో 286వ స్థానంలోని ఒక్క అమైనో ఆమ్లాన్నే మార్చింది. కాల్షియం తగ్గాక కూడా ఎంజైమ్ చురుకుగా ఉండటానికి తోడ్పడే స్థానం అది. మళ్లీ అదే ఫలితం.

ఇక్కడితో ఆగితే కథ సుఖాంతమే. కానీ పీకేఎం జీటా అనే మరో ఎంజైమ్ ఉంది. 2006లో టాడ్ సాక్టర్, ఆండ్రే ఫెంటన్‌లతో కూడిన బృందం దాని నిరోధకమైన ‘జిప్’ను ఎలుకల హిప్పోకాంపస్‌లోకి ఎక్కిస్తే పాత జ్ఞాపకం చెరిగిపోయిందని చూపింది. 2013లో రెండు వేర్వేరు బృందాలు ఆ జన్యువు లేని చిట్టెలుకలను పరీక్షించాయి. ఎల్‌టీపీ ఉంది, జ్ఞాపకమూ ఉంది. పైగా ఎంజైమ్ లేని ఆ చిట్టెలుకలలో కూడా జిప్ పనిచేసింది! ఔషధంపై ఉన్న అనుమానం నిజమైందని చాలామంది భావించారు. నేనూ పాఠంలో అలాగే చెప్పాను.

తొందరపడ్డాను. 2016లో సాక్టర్ బృందం వేరే దారిన వెళ్లింది. ఆ ఎంజైమ్ తయారీని అడ్డుకుంటే మామూలు చిట్టెలుకలలో ఎల్‌టీపీ ఆగింది, జన్యువు లేని వాటిలో ఆగలేదు. పుట్టుకతోనే అది లేని మెదడులో దాని బంధువైన పీకేసీ అయోటా/లాంబ్డా ఆ పని అందుకుందని వారు వివరించారు.