బీపీ మాత్ర వేసుకుంటూ వ్యాయామం: మన ఇళ్ళలో తెలిసి ఉండాల్సిన సంగతులు

బీపీ ఉన్నట్టు తేలగానే మన ఇళ్ళలో రెండు సలహాలు మొదలవుతాయి. ఒకటి, "ఇక మెట్లెక్కకు, బిందెలు మోయకు, ఓ పక్కన కూర్చో." రెండోది, "రోజూ గంట నడిస్తే మాత్రలే అక్కర్లేదు." చెప్పేవారి ప్రేమను తప్పుపట్టలేం. కానీ కూర్చోబెడితే బీపీ తగ్గదు. మాత్ర మానేసి నడకనే నమ్ముకున్నవాళ్ళలో పక్షవాతం దాకా వెళ్ళినవాళ్ళున్నారు. హోసూరు, బళ్ళారి, షోలాపూర్, బరంపురం, యానాం, ఎక్కడ స్థిరపడ్డా మన కుటుంబాల్లో ఈ మాటలు ఒకలాగే వినిపిస్తున్నాయి. అందుకే దాచుకుని చూసుకోదగ్గ వివరాలను ఇక్కడ ఒకచోట చేర్చాం. డాక్టరు దగ్గర ఏమడగాలో, ఏం చెప్పాలో తెలియడానికే ఇది. మందు మార్చడం, తగ్గించడం ఆయన పనే.

నడక ఎంత తగ్గిస్తుంది?

బీపీ ఉన్న మనిషి వారంలో ఎక్కువ రోజులు క్రమంగా నడిస్తే పై అంకె సుమారు 5 నుంచి 8 పాయింట్లు తగ్గుతుంది. అది చిన్న మేలు కాదు. అయితే లెక్క చూడండి: 170 ఉన్నవారికి నడక ఒక్కటే 163 దాకా తెస్తుంది. డాక్టర్లు కోరేది 140 కంటే తక్కువ, చాలామందికి 130 దగ్గర. మిగిలిన దూరం మాత్రే తగ్గించాలి. కొద్దిగా మాత్రమే ఎక్కువ ఉన్నవారికి నడక, ఉప్పు తగ్గించడం, బరువు తగ్గడం కలిసి మందు మోతాదు తగ్గే రోజు రావచ్చు. ఆ నిర్ణయం డాక్టరు తీసుకోవాలి, అదీ మీరు రాసి తెచ్చిన రీడింగులు చూశాక.

"ఒంట్లో హాయిగా ఉంది కదా" అన్నది కొలమానం కాదు. బీపీ 180 ఉన్నా ఏమీ తెలియని వాళ్ళు కోకొల్లలు.

మొదలుపెట్టే ముందు

ఇంట్లో మిషను ఉంటే చేతి మణికట్టుకు కట్టేది కాక, పై చేతికి కట్టేదే మేలు. కాఫీ తాగిన అరగంట లోపు చూడకండి. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాక, చెయ్యి గుండె ఎత్తులో ఉంచి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. ఉదయం మాత్ర వేసుకోకముందు ఒకసారి, రాత్రి ఒకసారి, వారం రోజులు రాయండి. ఇంట్లో సగటు 135/85 దాటితే ఎక్కువ ఉన్నట్టే లెక్క.

160/100 దాటుతుంటే ముందు డాక్టరును కలిసి, ఆ తర్వాతే నడక పెంచాలి. 180/110 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న రోజు వ్యాయామం జోలికి పోవద్దు, డాక్టరుకు చెప్పండి. గతంలో గుండెపోటు, పక్షవాతం వచ్చినవారు, స్టెంటు వేయించుకున్నవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, చాలా ఏళ్ళుగా షుగరు ఉన్నవారు, నడిస్తే గుండెల్లో బిగుతు వచ్చేవారు, అంకె ఎంతున్నా అడగకుండా మొదలుపెట్టకూడదు. ఈసీజీ లాంటి పరీక్షలు కావాలో వద్దో ఆయన చెప్తారు.

డాక్టరుకు మన మాట అందాలంటే

ఇది బయటి రాష్ట్రాల్లో ఉన్న మనవాళ్ళ ప్రత్యేక ఇబ్బంది. బజారులో, ఆఫీసులో స్థానిక భాష ధారాళంగా మాట్లాడే కుటుంబంలో కూడా పెద్దవాళ్ళు ఒంట్లో బాధను తెలుగులోనే చెప్పుకుంటారు. మనవడు దాన్ని డాక్టరుకు అప్పచెప్పేటప్పుడు సగం జారిపోతుంది. "కళ్ళు తిరుగుతున్నాయి" అన్నది మాటకు మాట మారిస్తే కంటి జబ్బు అవుతుంది. "గుండెల్లో మంట" అంటే అసిడిటీ మాత్ర రాసిస్తారు, అసలు అది నడిచినప్పుడే వచ్చి ఆగితే పోతుందన్న ముక్క చెప్పకపోతే. ఆ ముక్కే అన్నిటికంటే ముఖ్యం.

కాబట్టి మూడు బాధలకు స్థానిక మాటలు ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. గుండెల్లో నొప్పికి తమిళంలో "నెంజు వలి", కన్నడంలో "ఎదె నోవు", మరాఠీలో "ఛాతీత్ దుఖతే", ఒడియాలో "ఛాతి జంత్రణా". కళ్ళు తిరగడానికి తమిళంలో "తలై సుత్తుదు", కన్నడంలో "తలె సుత్తు", మరాఠీలో "చక్కర్ యేతే", ఒడియాలో "ముండ బులాఉచి". ఆయాసానికి తమిళంలో "మూచ్చు వాంగుదు", కన్నడంలో "ఉసిరు కట్టుత్తె", మరాఠీలో "దమ్ లాగతో", ఒడియాలో "నిశ్వాస నెబాకు కష్ట". మాటతో పాటు మూడు సంగతులు జోడించండి: ఎప్పుడు వస్తోంది, ఎంతసేపు ఉంటోంది, కూర్చుంటే తగ్గుతోందా.

మీ మాత్ర ఏదో తెలుసుకోండి

"పొద్దున తెల్లది, రాత్రి గులాబీది" అంటే చాలదు. స్ట్రిప్పు మీద కంపెనీ పెట్టిన పేరుతో పాటు మందు పేరుంటుంది. వ్యాయామంతో దాని పొత్తు అక్కడే తెలుస్తుంది.

అటెనోలాల్, మెటోప్రోలాల్ లాంటివి గుండె వేగాన్ని అదుపులో పెడతాయి. వాచీ చెప్పే నాడి లెక్క వీరికి వర్తించదు. ఎంత వడిగా నడిచినా ఆ అంకె రాదు, రావాలని పరుగెత్తితే ముప్పు. ఈ మందును ఉన్నట్టుండి మానేస్తే గుండె నొప్పి, గుండెపోటు వచ్చే అవకాశం ఉంది. షుగరు మాత్రలో ఇన్సులినో తీసుకునేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: నడుస్తుండగా షుగరు పడిపోతే మామూలుగా వచ్చే గుండెదడ, వణుకు ఈ మందు వల్ల తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. జేబులో రెండు చాక్లెట్లో, చిన్న పంచదార పొట్లమో ఉండాలి.

ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి చీలమండల దగ్గర వాపు వస్తుంది. నడక వల్ల వచ్చిందనుకుని నడక మానేసేవారు కొందరు, భయపడి మాత్ర మానేసేవారు కొందరు. రెండూ అక్కర్లేదు, డాక్టరుకు చూపిస్తే మోతాదో మందో మారుస్తారు.

హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్థాలిడోన్ ఒంట్లో నీటిని, ఉప్పును బయటికి పంపే మాత్రలు. చెమట కూడా తోడైతే నీరసం, పిక్కలు పట్టేయడం, లేవగానే కళ్ళు తిరగడం వస్తాయి. బళ్ళారి, రాయచూరు, షోలాపూర్ ఎండల్లోనూ, బరంపురం, యానాం ఉక్కలోనూ వేసవి నెలల్లో ఈ మాత్ర వేసుకునేవారు పొద్దు ఎక్కకముందే నడక ముగించాలి. దాహానికి మంచినీళ్ళు చాలు. అరగంట నడిచొచ్చి ఉప్పు దండిగా వేసిన మజ్జిగ గ్లాసుడు తాగితే నడక ఫలితం అక్కడే సగం పోతుంది. మజ్జిగ తాగండి, ఉప్పు లేకుండా, కావాలంటే అల్లం, కరివేపాకు వేసుకుని.

టెల్మిసార్టన్, లోసార్టన్, ఎనలాప్రిల్ వేసుకునేవారికి కిడ్నీ జబ్బు కూడా ఉంటే రోజూ కొబ్బరి నీళ్ళు తాగే అలవాటు గురించి డాక్టరును అడగాలి, వాటిలో పొటాషియం ఎక్కువ. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో వీరు వ్యాయామం ఆపి, ఆ రోజు మాత్ర సంగతి ఫోను చేసైనా కనుక్కోవాలి.

ఇక మేము గట్టిగా చెప్పదలచుకున్నది మోకాళ్ళ నొప్పి మాత్రల గురించి. నడక మొదలుపెట్టిన రెండో వారంలో మోకాళ్ళు పీకుతాయి, మందుల షాపులో డైక్లోఫినాకో, ఐబుప్రోఫెనో చీటీ లేకుండా కొనుక్కుంటారు. అవి బీపీని పెంచుతాయి, బీపీ మాత్రల పనిని తగ్గిస్తాయి, కొన్ని బీపీ మాత్రలతో కలిస్తే కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఆరోగ్యం కోసం నడిచి ఇలా నష్టపోవడం అన్యాయం. నొప్పి ఉంటే నడక దూరం తగ్గించండి, మెత్తటి బూట్లు వేసుకోండి, మందు డాక్టరునే అడగండి.

ఎలా నడవాలి

వారానికి 150 నిమిషాలు లక్ష్యం, అంటే అయిదు రోజులు అరగంట చొప్పున. మొదటి వారం పది నిమిషాలు చాలు. తోడు వచ్చేవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం. వాక్యం మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే తగ్గించండి. మొదటి అయిదు నిమిషాలు, చివరి అయిదు నిమిషాలు నెమ్మదిగా.

చివర నెమ్మదించడాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. వ్యాయామం అయ్యాక రక్తనాళాలు వదులై కొన్ని గంటలపాటు బీపీ మామూలు కంటే తక్కువగా ఉంటుంది. గబుక్కున ఆగి, రాగానే వేడివేడి నీళ్ళతో స్నానం చేస్తే ఇంకా పడిపోయి బాత్‌రూమ్‌లో తూలి పడతారు. పెద్దవాళ్ళలో తుంటి ఎముక విరగడానికి ఇలాంటి పడిపోవడాలే చాలు. పావుగంట కూర్చుని, గోరువెచ్చని నీళ్ళతో చేయండి.

రోజంతా మగ్గం ముందో, బీడీల చాట ముందో కూర్చున్నవారికి ఒళ్ళు అలిసిపోతుంది, నిజమే. కానీ ఆ అలసట నడకకు సమానం కాదు. ఊపిరి వేగం పెరిగేలా కాళ్ళు ఆడాలి. ఒకేసారి అరగంట దొరకకపోతే పది నిమిషాల చొప్పున మూడుసార్లు నడిచినా లెక్కే.

బరువులు, ఆసనాలు, గోడకుర్చీ

బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టడమే అసలు ప్రమాదం. ఆరోగ్యంగా ఉన్న కండలవీరులే అలా గరిష్ఠ బరువు నెట్టినప్పుడు పై అంకె 300 దాటినట్టు కొలిచి చూశారు. నీళ్ళ బిందె, బియ్యం మూట, గ్యాసు బండ, దేనికైనా ఇదే సూత్రం: ఎత్తుతూ ఊపిరి వదలండి. బీపీ అదుపులో ఉన్నవారు తేలిక బరువులతో వారానికి రెండు రోజులు చేయవచ్చు.

యోగాలో నడుము, కాళ్ళు సాగే ఆసనాలు, నెమ్మదైన శ్వాస మంచివే. శీర్షాసనం, సర్వాంగాసనం లాంటి తలకిందుల ఆసనాలు, ఊపిరి నిలిపి ఉంచే కుంభకం, వేగంగా ఊదే భస్త్రిక, కపాలభాతి మాత్రం బీపీ అదుపులోకి వచ్చేదాకా వద్దు. ఆ తర్వాతైనా డాక్టరును అడిగే చేయాలి. కాలనీ యోగా క్లాసులో ముందే బీపీ ఉందని చెప్పండి, అందులో నామోషీ ఏమీ లేదు.

బళ్ళో శిక్షగా వేసిన గోడకుర్చీ ఇప్పుడు పరిశోధనల్లోకి ఎక్కింది. 2023లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో 270 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, కదలకుండా కండరాన్ని బిగించి ఉంచే ఇలాంటి వ్యాయామాలకే బీపీ ఎక్కువగా తగ్గింది. అయితే కూర్చున్నంతసేపూ బీపీ పెరుగుతుంది. కాబట్టి అదుపులో ఉన్నవారికే, ఊపిరి ఆపకుండా, అరనిమిషంతో మొదలు. మోకాళ్ళు అరిగినవారికి ఇది పనికిరాదు.

వెంటనే ఆగాల్సినప్పుడు

గుండెల్లో బరువు, అది దవడకో ఎడమ చేతికో పాకడం, మామూలు కంటే ఎక్కువ ఆయాసం, చల్లని చెమట, కళ్ళు చీకట్లు కమ్మడం: వీటిలో ఏది వచ్చినా ఆగి కూర్చోండి. కొద్ది నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోను చేయండి. తగ్గినా ఆ రోజే డాక్టరును కలవాలి. మూతి వంకర పోవడం, చెయ్యీ కాలూ ఒక పక్క పట్టు తప్పడం, మాట తడబడటం పక్షవాతం గుర్తులు. కూర్చుని చూద్దామనుకోకండి, నిమిషాలు లెక్క. ఆ స్థితిలో మనంతట మనం అదనపు బీపీ మాత్ర వేయకూడదు.

మాత్ర తెగకుండా

ఆపేసినవారిలో చాలామందికి కారణం డబ్బో, దూరమో. ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బీపీ మందులు ఉచితం. తమిళనాడులో ఇంటికే తెచ్చిచ్చే "మక్కళై తేడి మరుత్తువం" 2021 ఆగస్టులో మొదలైంది మనవాళ్ళు ఎక్కువగా ఉన్న కృష్ణగిరి జిల్లాలోనే. కర్ణాటకలో ఇంటికి వచ్చి బీపీ, షుగరు చూసే "గృహ ఆరోగ్య" 2024లో కోలారు జిల్లాలో మొదలైంది. ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రుల్లో "నిరామయ" కౌంటర్లున్నాయి. బయట కొనాల్సివస్తే జన ఔషధి దుకాణాల్లో ధర చాలా తక్కువ.

పండక్కో పెళ్ళికో సరిహద్దు దాటి బంధువుల ఊళ్ళకు వెళ్ళేటప్పుడు నాలుగు రోజుల మాత్రలు ఎక్కువే పెట్టుకోండి, చీటీ ఫోటో ఫోనులో ఉంచుకోండి. అక్కడి ఆసుపత్రిలో ఇచ్చే మాత్ర రంగు, ఆకారం వేరుగా ఉండొచ్చు. రంగు చూసి వద్దనకండి, ఇంట్లో మిగిలిన దానితో కలిపి రెండూ వేసుకోకండి. స్ట్రిప్పు మీద మందు పేరు, మిల్లీగ్రాములు మీ చీటీతో సరిపోయాయా అన్నదే చూడండి.