బ్రేకుల కీచుధ్వని: కొన్ని చిట్కాల పూర్వచరిత్ర

1888వ సంవత్సరము ఆగస్టు మాసమున, భర్తకు తెలియకుండ, ఆయన నిర్మించిన మోటారు బండి నెక్కి, ఇద్దరు కుమారులతో మాన్‌హైము నుండి ఫోర్ట్స్‌హైమునకు బయలుదేరిన బెర్తా బెంజ్, దారిలోని పల్లములయందు కొయ్య బ్రేకుదిమ్మలు అరిగిపోవుట గమనించి, చెప్పులు కుట్టువానిచే వానిపై తోలుముక్కలను మేకులతో కొట్టించెను. నేడు మన మెకానిక్కులు లైనరనియు ప్యాడనియు వ్యవహరించు వస్తువునకు మోటారు చరిత్రలో ఇది తొలిరూపము. సొంత ఊహతో చేసిన పనియే యైనను, ఆమె చూచినది పట్టును గాని చప్పుడును గాదు. ఈ భేదమును నేను మిక్కిలి ముఖ్యముగా భావింతును.

చప్పుడు సమస్యగా పరిణమించినది పిమ్మట. 1902లో ఇంగ్లండునందు ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకునకు పేటెంటు పొందెను గాని, లోహఫలకమును లోహపు ప్యాడ్లు ఒరయుటచే పుట్టిన కర్ణకఠోరధ్వని దాని వ్యాప్తికి అవరోధమయ్యెను. ఒరసికొను తలములు ఒకప్పుడు పట్టుకొనుచు, ఒకప్పుడు జారుచు, సెకనుకు వేలసారులు కంపించుటయే ఈ కీచునకు మూలము. 1897 నుండి డెర్బీషైరున గుర్రపుబండ్లకు బ్రేకుదిమ్మలు చేయుచు వచ్చిన హెర్బర్ట్ ఫ్రూడ్, తరువాతి దశాబ్దమున ఆస్బెస్టాస్ అను రాతినారతో లైనింగులు చేయగా, వేడికి కాలనిదియు, లోహమువలె అరవనిదియు నగు పదార్థము లభించెను.

అయినను చప్పుడు పూర్తిగా పోలేదు, చిట్కాలును పోలేదు. వానిలో అత్యంత ప్రమాదకరమైనది లైనరుపై నూనెచుక్క వేయుమనుట. కీచు వెంటనే ఆగును. ఏలయన ఘర్షణయే తగ్గినది. నూనె త్రాగిన లైనరు నల్లబడి నిగనిగలాడుచుండును. పెట్రోలుతో కడిగి, ఉప్పుకాగితముతో రుద్దినచో పైకి బాగుపడినట్లే తోచును గాని, దీర్ఘమైన దిగుడులో వేడెక్కగనే లోపలి నూనె మరల ఊరును. ఒక చక్రము పట్టి, రెండవది జారి, కారు ఒక ప్రక్కకు లాగును.

బ్రేకు డ్రమ్ము విప్పి దుమ్మును గాలితో ఊదివేయుట మరొక అలవాటు. దశాబ్దములపాటు కార్ఖానాలలో నిత్యకృత్యముగా సాగిన ఆ పనిలో లేచినది వట్టి దుమ్ము గాదు, ఊపిరితిత్తులలో చేరి యేండ్ల తరువాత ప్రాణాంతకమగు రాతినార. బ్రిటను దాని వాడుకను 1999లో గాని పూర్తిగా నిషేధింపలేదు. ఎందరో శ్రమజీవుల శ్వాసకు ముప్పు తెచ్చిన పిమ్మట వచ్చిన ఆ నిషేధమును స్మరించినప్పుడెల్ల మనస్సు కలత చెందును.

తరువాతి కాలపు నిర్మాతలు చప్పుడును సంకేతముగనే వాడుకొనిరి. అనేకములైన ప్యాడ్లకు చిన్న ఉక్కురేకు నొకదానిని అమర్చిరి. ప్యాడు పలుచబడినంతనే అది డిస్కును గీచి, కావలెననియే కీచుమనును. దానిని వంచి నోరు మూయించుట బండి చేయు హెచ్చరికను త్రోసిపుచ్చుట. తెలిసిన మెకానిక్కు ముందుగా చక్రము విప్పి మందము చూచును. మందము చాలియున్నచో లైనరు కొసలను ఆకురాయితో ఏటవాలుగా రాచును. వేడికి కరగని గ్రీజును ప్యాడు వెనుకతట్టున మాత్రమే, పలుచగా పూయును.