పెద్ద చక్రాలు, లో ప్రొఫైల్ టైర్లు: సస్పెన్షన్‌పై ప్రభావం

కంపెనీ బిగించిన వాటికన్నా పెద్ద రిమ్ములు, పక్కగోడ ఎత్తు తక్కువున్న టైర్లు వేయిస్తే కారు సస్పెన్షన్‌పై భారం పెరుగుతుంది. గాలి నిండిన టైరే కారుకు మొదటి స్ప్రింగు. 185/65 ఆర్15 టైరు పక్కగోడ సుమారు 120 మిల్లీమీటర్లు. 205/45 ఆర్17 టైరుది 92. మొత్తం వ్యాసం దాదాపు సమానమే అయినా, దెబ్బను మింగే ఎత్తు 28 మిల్లీమీటర్లు తగ్గుతుంది. ఆ కుదుపు బుష్‌లు, బాల్ జాయింట్లు, షాక్ అబ్జార్బర్ల మీద పడుతుంది. చక్రం బరువు కూడా పెరిగితే, గుంతల్లో టైరును రోడ్డుకు అంటిపెట్టి ఉంచడం సస్పెన్షన్‌కు కష్టమవుతుంది.

565వ జాతీయ రహదారిపై ఉన్న యర్రగొండపాలెం నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లే దారి నల్లమల ఘాట్ ఎక్కుతుంది. అలాంటి ఘాట్ మలుపుల్లో లో ప్రొఫైల్ టైర్లు తక్కువ వంగుతాయి, స్టీరింగు చురుగ్గా స్పందిస్తుంది. కానీ విరిగిన తారు అంచుకు చక్రం బలంగా తగిలితే పక్కగోడ రిమ్ముకూ అంచుకూ మధ్య నలుగుతుంది. తర్వాత దానిమీద గోలీకాయంత ఉబ్బు కనిపిస్తే లోపలి దారాలు తెగినట్టే. ఆ టైరును వెంటనే మార్చాలి.

టైర్లు మార్చేటప్పుడు మొత్తం వ్యాసం, బరువు మోసే సామర్థ్యం తయారీదారు చెప్పిన పరిమితిలో ఉండాలి. గాలిని టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి.