పత్తికాయలో దాగిన రెక్కల పురుగు

కౌతాళము నుండి ఆదోని వరకును, ఇటు ఎమ్మిగనూరు వరకును పరచుకొన్న నల్లరేగడి నేలలలో పత్తి కాయ కట్టిన రోజులలో గట్టున నిలిచి చూచినవారికి చేనిలో ఏ లోపమును కనిపించదు. కాయ పచ్చగా నిగనిగలాడుచుండును. పగిలిననాడు గాని అసలు సంగతి బయటపడదు. దూది పసుపు పట్టి అతుక్కొని యుండును. గింజ డొల్లయై యుండును. మన రైతులు గులాబి రంగు పురుగు అని పిలుచునది దీనికి కారణము. ఆ పురుగు పెరిగి రెక్కలు తొడిగినప్పుడు వ్రేలిగోరంత కూడ ఉండని బూడిద వన్నె ప్రాణి. దానిని లోకము ఎట్లు గుర్తించినది, మన పల్లెలలో దాని జాడను ఎట్లు లెక్కకు ఎక్కింపవలెను అను విషయమును నేడు ముచ్చటించుకొందము.

దీనికి తొలిసారి శాస్త్రనామము లభించినది 1843 ప్రాంతమున. గుజరాతు దేశములోని బరోచి వద్ద ప్రభుత్వము వారి పత్తి క్షేత్రములు ఉండెడివి. అక్కడి అధికారి కాయలను పాడుచేయుచున్న పురుగులను పట్టి, అవి దొరికిన చోటును తెలిపి, లండనుకు పంపెను. అక్కడ విలియం విల్సన్ సాండర్స్ అను ఆయన వానిని పరిశీలించి వర్ణించెను. ఈయన వృత్తి నౌకల భీమా వ్యాపారము. కీటకశాస్త్రము ఆయనకు తీరిక వేళల వ్యాసంగము. పత్తికి లాటిను భాషలో గల పేరును బట్టి ఆయన పురుగునకు గాసిపియెల్లా అని పేరిడెను. దాని వంశనామము తరువాత రెండు మూడు మారులు మారినది. 1917లో ఆగస్టు బస్క్ అను పండితుడు పెక్టినోఫోరా అను ప్రత్యేక వంశమును ఏర్పరచి అందులో దీనిని చేర్చెను. నేటికిని ఆ పేరే నిలిచియున్నది. దీని పుట్టినిల్లు మన దేశమా, లేక తూర్పు సముద్రములలోని దీవులా అను తర్కము పండితులలో ఉన్నది గాని, లోకమునకు అది మొదట పరిచయమైనది మాత్రము మన దేశపు చేనినుండియే.

పేరు పెట్టిన పిమ్మట చాల కాలము దానిని ఎవరును అంతగా పట్టించుకొనలేదు. ఇంతలో పురుగు తన ప్రయాణము తాను సాగించినది. 1906–07 ప్రాంతమున మన దేశపు పత్తితో కలిసి ఈజిప్టు చేరినదని చెప్పుదురు. 1911లో ఈజిప్టు విత్తనములతో మెక్సికో చేరినది. 1917లో అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున బయటపడినది. రెక్కలతో సముద్రములు దాటలేని ప్రాణి ఇంత దూరము పోయినది గింజలో కూర్చుండి. ఎదిగిన పురుగు రెండు గింజలను పట్టుదారముతో జోడించి వాని నడుమ నిద్రపోవును. ఆ నిద్ర నెలల తరబడి సాగవచ్చును. విత్తనపు మూటను ఓడకెక్కించినవానికి ఆ జంటగింజ కనిపించినను, దానిలో ఏమున్నదో తెలియదు.

ఇక గుర్తించుట యెట్లు? ఇందులోనే చిక్కున్నది. తల్లి పురుగు రాత్రివేళ మాత్రమే తిరుగును. పూమొగ్గల మీదను, లేత కాయల తొడిమల వద్దను గ్రుడ్లు పెట్టును. నాలుగైదు దినములలో గ్రుడ్డు పగిలిన పిల్ల పురుగు కొద్దిసేపటిలోనే కాయలోనికి దూరును. దూరిన రంధ్రము పూడిపోవును. అప్పటికి దాని వన్నె తెలుపు. ఎదిగినకొలది గులాబి చారలు తేలును. పూవులో చేరినచో రేకులు విచ్చుకొనక ముడుచుకొని గులాబి మొగ్గవలె నిలిచిపోవును. మన రైతులు వీనిని గుడ్డి పూలందురు. చేనిలో గుడ్డి పూవు కనిపించినదనగా పురుగు ఇంటిలోనికి వచ్చి కూర్చున్నదని అర్థము.

రెక్కల పురుగును చూచి పోల్చుకొనుట ఇంకను కష్టము. మేము మొదట దీపపు బుట్ట పెట్టి, ప్రొద్దుటికి అందులో పడిన చిన్న బూడిద వన్నె పురుగులనన్నిటిని ఇవియే యని వ్రాసికొంటిమి. వానిలో సగమునకు పైగా పత్తితో ఏ సంబంధమును లేనివని తెలిసినవారు చెప్పినప్పుడు మా పుస్తకములోని నాలుగు పుటలను కొట్టివేయవలసివచ్చెను. ఆ సిగ్గు మాకొక్కరికే చెందినది కాదని తరువాత తెలిసి కొంత ఊరట కలిగినది. ఆస్ట్రేలియాలోని క్వీన్సులాండు పత్తిచేలలో చాల కాలము దీనినే చూచుచున్నామని అనుకొనిరి. 1926లో హోల్డవే అను శాస్త్రజ్ఞుడు అక్కడ ఉన్నది దీనికి దగ్గర చుట్టమైన వేరొక జాతియని నిరూపించెను. పురుగు లోపలి అవయవములను సూక్ష్మదర్శినిలో చూచిన గాని ఆ భేదము తేలదు.

ఈ చిక్కును తేలిక చేసినది వాసన. ఆడ పురుగు మగదానిని పిలుచుటకు విడుచు సువాసన ఏదియో 1973లో కాలిఫోర్నియాలోని శాస్త్రజ్ఞులు కనుగొని దానికి గాసిప్లూరు అని పేరిడిరి. అంతకు ముందు 1966లో వేరొక పదార్థమును ఇదే యని ప్రకటించి పొరపడిరి. గాసిప్లూరును రబ్బరు బిళ్లకు పట్టించి బుట్టలో వ్రేలాడదీసినచో ఈ జాతి మగ పురుగులే వచ్చి పడును. వీనినే లింగాకర్షక బుట్టలు అందురు. నిఘా కొరకు హెక్టారునకు అయిదు చాలును. వరుసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిదేసి పురుగులు పడినచో చేనికి హాని దగ్గర పడినదని లెక్క. కనుక ప్రతి ఉదయమును ఎన్ని పడినవో తేదీతోను, చేని పేరుతోను వ్రాసియుంచవలెను. వారమున కొకసారి బుట్టనంతటిని ఒక్క కుప్పగా లెక్కించి రాత్రికి ఇన్ని యని పంచుకొను లెక్క మాకు నచ్చదు. పురుగు పెరిగిన రాత్రి ఏదియో అందులో తెలియదు గదా!

మన ప్రాంతపు చరిత్ర దీనితో ముడిపడియున్నది. 1953 అక్టోబరు 1వ తేదీ వరకు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనిది. ఆ రోజులలో మా పెద్దలు వేసినది దేశవాళీ పత్తి. హింగారు వానలకు విత్తి, వేసవి ముఖమున ఏరి, చేనిని ఎండకు వదలివేసెడివారు. ఆదోని జిన్నింగు మిల్లులు ఆ పత్తితోనే పేరు కెక్కినవి. తరువాత తుంగభద్ర దిగువ కాలువ వచ్చినది. సంకరజాతి పత్తి వచ్చినది. 2002లో బిటి పత్తికి, 2006లో రెండు జన్యువుల బిటి పత్తికి అనుమతి లభించినది. కొన్నేండ్లు కాయ లోపల పురుగు కనిపించలేదు; రైతు దానిని మరచిపోయెను. విత్తనపు పొట్లముతో పాటు ఇచ్చిన 120 గ్రాముల సాదా పత్తి గింజలను చేని చుట్టును విత్తుమని చెప్పినను పలువురు విత్తలేదు. కాలువ నీరున్న చోట మరి రెండు ఏరుళ్ల ఆశతో చేనిని చలికాలము దాటి నిలిపిరి. పురుగునకు కావలసినది అదియే. 2010లో గుజరాతులో అది బిటికి లొంగుట లేదని వెల్లడి అయినది. పిమ్మట మహారాష్ట్రమునను, తెలుగు నేలలోను అదే అనుభవము. అదే పురుగును అమెరికావారు బిటి పత్తి, గొడ్డు పురుగుల విడుదల, పత్తి కట్టెల నిర్మూలనము అన్నిటిని కలిపి ప్రయోగించి, 2018లో తమ పత్తిచేల నుండి తుడిచివేసితిమని ప్రకటించిరి. కట్టెల సంగతి మనకు క్రొత్త కాదు. 1919 నాటి మద్రాసు చట్టము క్రింద కోయంబత్తూరు ప్రాంతమున కంబోడియా పత్తి చెట్లను నియమిత దినములోగా పెరికివేయించిరి.

అన్నిటికంటె ముందుగా చూడవలసిన చోటు చేను కాదని మా అభిప్రాయము. చుట్టుప్రక్కల ఊళ్ల పత్తి అంతయు చేరునది ఆదోని మార్కెట్టుకు, అచ్చటినుండి మిల్లులకు. జంటగింజలలో నిద్రించు పురుగులు గింజల రాశులలో పడియుండి, తగిన కాలమున రెక్కలతో లేచి దాపున ఉన్న చేలకు పోవును. అందుచేత మిల్లు ఆవరణమునను బుట్టలు కట్టుమని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఒక వేసవిలో మేము ఒక గింజల కొట్టము చెంత బుట్ట కట్టుచుండగా అక్కడి హమాలి పెద్దాయన చూచి, “చేను లేని చోట ఇదెందుకప్పా?” అని నవ్వెను. మరునాటి ఉదయము ఆయనే బుట్ట విప్పి, పడిన పురుగులను అరచేతిలో పోసికొని, ఒక్కొక్కటిగా లెక్క చెప్పుచుండగా మేము వ్రాసికొంటిమి.